పగిలే సీసా కథ కట్టిపెట్టండి

చలికాలం మొదలైతే చాలు, తోటపని శీర్షికల్లోనూ వీడియోల్లోనూ ఒకే పాఠం నడుస్తుంది. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది కనుక, ఫ్రీజర్లో పెట్టి మరిచిపోయిన గాజుసీసా పగిలినట్టే మొక్క కణాలూ పగులుతాయట. మొక్క చావుకు అదే కారణమట. దాని వెంటే రెండో పాఠం: ప్రతి మొక్కకూ ఒక డిగ్రీ రాసిపెట్టి ఉంటుంది, అంతవరకు భయం లేదు, అది దాటితే ఆశ లేదు. చెప్పడానికి తేలిక, వినడానికి ఇంపు. రెండూ తప్పే. మాటల తప్పయితే వదిలేయవచ్చు. కానీ వీటిని నమ్మి చేసే పనుల వల్ల బతకాల్సిన మొక్కలు చస్తున్నాయి. అందుకే ఈ ఖండన.

ముందు సీసా సంగతి చూద్దాం. ఈ వాదం 18వ శతాబ్దం నాటిది. 1830లోనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు గోప్పర్ట్, ఆ తర్వాత సాక్స్, గడ్డకట్టిన మొక్కలను పరిశీలించి కణాల గోడలు పగలడం లేదని చెప్పారు. మంచు సాధారణంగా కణం లోపల పుట్టదు. కణాల మధ్య ఖాళీల్లో ఉండే నీటిలో చక్కెరలు, లవణాలు తక్కువ కాబట్టి ముందు అది గడ్డకడుతుంది. ఒకసారి అక్కడ మంచు ఏర్పడ్డాక అది కణంలోని నీటిని బయటికి లాగుతూ పెరుగుతుంది. కణం ఉబ్బడం లేదు, ముడుచుకుపోతోంది. అంటే గడ్డకట్టే చలిలో మొక్క ఎదుర్కొనేది ఎక్కువగా దాహమే. లోపలి ఉప్పులు చిక్కబడతాయి, కణపొరలు దెబ్బతింటాయి. మంచు కరిగి నీళ్లు తిరిగొచ్చినప్పుడు ఆ పొర వాటిని నిలుపుకోలేదు. రాత్రంతా బిగుసుకుని ఉన్న ఆకు పొద్దెక్కాక ఉడికించినట్టు మెత్తబడి నల్లబడేది అందుకే.

సీసా పక్షాన ఒక్క మాట ఒప్పుకోవాలి. ఉష్ణోగ్రత మరీ వేగంగా పడిపోయి మంచు కణం లోపలే పుడితే ఆ కణం చచ్చినట్టే. అయితే అది తోటలో అరుదుగా జరిగేది. అరుదైనదాన్ని చూపించి అదే సూత్రమంటే చెల్లదు.

ఉబ్బిన నీరే హంతకి అయితే అకిరా సకాయ్ ప్రయోగానికి ఏం జవాబు చెబుతారు? జపాన్‌లోని హొక్కైదోకు చెందిన ఈ శాస్త్రవేత్త, నిద్రావస్థలో ఉన్న విల్లో, పాప్లర్ లాంటి చెట్ల శీతాకాలపు రెమ్మలను మైనస్ 30 డిగ్రీల దాకా మెల్లగా చల్లబరిచి, ఆపై మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచాడు. అవి బతికాయి. ఆ ఫలితం 1960లో అచ్చయింది. మెల్లగా చల్లబరిచినప్పుడు గడ్డకట్టగల నీరు దాదాపు అంతా కణాల బయటికి వెళ్లిపోయింది. మిగిలినదాన్ని ఎంత చల్లబరిచినా హాని చేయలేదు. ఇక రెండో కొసన మన అరటిపండు ఉంది. ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. అక్కడ మంచు లేదు, గడ్డకట్టడం లేదు; 13 డిగ్రీల కంటే కిందికి దిగితేనే దాని కణపొరలు పని తప్పుతాయి. మంచు నిండినా ఒకటి బతికింది, మంచే లేకున్నా ఒకటి దెబ్బతింది. సీసా కథలో ఈ రెండింటికీ చోటు లేదు.

ఇప్పుడు అంకె. ఉత్తర అమెరికాలో పెరిగే ఎర్రకాడల డాగ్‌వుడ్ పొద మండువేసవిలో సున్నాకు కొద్ది డిగ్రీలు దిగువన చస్తుంది. అదే పొద నడిశీతాకాలంలో ద్రవ నైట్రోజన్‌నూ తట్టుకుంటుంది. మరి దీని డిగ్రీ ఎంత? ప్రశ్నే తప్పు. చలిని తట్టుకునే శక్తి ఏడాది పొడవునా ఒకేలా ఉండదు; మొక్క దాన్ని కూడగట్టుకుంటుంది, మళ్లీ వదులుకుంటుంది. పగటిపొద్దు తగ్గడాన్ని పసిగట్టి చెట్టు ఎదుగుదల ఆపేస్తుంది. తర్వాత వచ్చే చల్లని రాత్రుల్లో కణాల్లో చక్కెరలు పేరుస్తుంది, ఎండిపోయినా చెడని ప్రొటీన్లు తయారుచేస్తుంది, కణపొరల్లోని కొవ్వుల తీరు మార్చుకుంటుంది. దీనికి వారాలు పడుతుంది. పోగొట్టుకోవడానికి మాత్రం కొద్ది రోజుల వెచ్చదనం చాలు.

2007లో అమెరికా తూర్పు, దక్షిణ రాష్ట్రాల్లో జరిగింది ఇదే. మార్చి వెచ్చగా గడిచి చెట్లు చిగిర్చాక ఏప్రిల్ మొదటివారంలో చలిగాలి దిగింది. నడిశీతాకాలంలో ఆ చెట్లు లెక్కచేయని చలే అప్పుడు పూతను, లేతాకులను మాడ్చేసింది. 2017లో జార్జియా పీచ్ రైతులకు రెండువైపులా దెబ్బ తగిలింది. శీతాకాలం వెచ్చగా ఉండి పూమొగ్గలకు కావలసిన చలి గంటలు అందలేదు. తీరా పూసినవాటిని మార్చి చలి కాల్చింది. పంటలో 80 శాతం దాకా పోయింది. చలి చాలక ఒకసారి, చలి సమయం తప్పి ఒకసారి, ఒకే తోట ఒకే ఏడాది నష్టపోతే దాన్ని ఏ ఒక్క డిగ్రీతో వివరిస్తారు?

“ప్రభుత్వమే జోన్ల పటం వేసింది కదా” అంటారు. వేసింది, కానీ దాన్ని ఎవరూ సరిగ్గా చదవరు. అమెరికా వ్యవసాయశాఖ పటంలోని అంకె, 30 ఏళ్లలో ఏటా నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రతల సగటు. సగటు అంటేనే దానికంటే కిందికి దిగే ఏళ్లు ఉంటాయని అర్థం. 2012 పటంలో డల్లాస్ చాలావరకు 8ఎ జోన్, అంటే మైనస్ 12 నుంచి మైనస్ 9. 2021 ఫిబ్రవరి 16న అక్కడ మైనస్ 19 నమోదైంది. “మా జోన్‌కు సరిపోతుందని రాశారు” అని నమ్మి నాటినవి అనేకం మాడిపోయాయి. అక్కడి తెలుగిళ్లవాళ్లు చాలామంది కరివేపాకును, మల్లెను కుండీల్లో పెంచుతారు. జోన్ లెక్క కుండీకి అసలే వర్తించదు. నేలలోని వేరుకు చుట్టూ మట్టి కాపు ఉంటుంది. కుండీలోని వేరు నాలుగువైపులా చలిగాలికి బయటపడి ఉంటుంది. పైగా వేరు కొమ్మంత చలిని ఎన్నడూ తట్టుకోలేదు.

థర్మామీటర్ అంకె కూడా సాంతం నమ్మదగింది కాదు. మబ్బులేని, గాలి కదలని రాత్రి ఆకు తన వేడిని ఆకాశానికి వదిలి చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడుతుంది. మనిషి ఎత్తులో పెట్టిన పరికరం 2 డిగ్రీలు చూపుతుండగానే గడ్డి మీద తెల్లమంచు పేరుకోవచ్చు. నీలగిరిలో, మున్నార్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో లోయల అడుగున ఉన్న తేయాకు మాడి, పక్కనే వాలు మీదున్నది పచ్చగా మిగిలేది ఇందుకే: చల్లగాలి బరువెక్కి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. లంబసింగిలో నమోదైన ఒక్క అంకెతో ఆ చుట్టుపక్కల తోటలన్నిటి జాతకం చెప్పేవారు ఈ పల్లమూ మెరకా తేడా గమనించాలి.

తప్పు పాఠాల నుంచి తప్పు సలహాలే పుడతాయి. “రాత్రి నీళ్లు చల్లండి, మంచుపొర దుప్పటిలా కాపాడుతుంది” అన్నది అందులో ఒకటి. కాపాడేది పొర కాదు, గడ్డకట్టే పని. ఒక గ్రాము నీరు గడ్డకడుతూ 80 కేలరీల వేడి వదులుతుంది కాబట్టి నీరు ఆగకుండా పడుతున్నంతసేపు మొగ్గ సున్నా దగ్గరే నిలుస్తుంది. అదే గ్రాము ఆవిరైతే దాదాపు 600 కేలరీలు లాక్కుంటుంది. పొడిగాలిలో నాలుగు చుక్కలు చల్లి పడుకుంటే అసలుకే ఎసరు. చల్లితే తెల్లారి మంచు కరిగేదాకా చల్లాలి, లేదా మొదలే పెట్టకూడదు.

రెండోది, మాడిన కొమ్మలను మర్నాడే నరికేయమనడం. ఏది చచ్చిందో మర్నాడు తెలియదు. ఆకు పోయినా కాండం బతికి ఉండొచ్చు. బెరడు గోకితే కింద పచ్చగా ఉందో గోధుమరంగులో ఉందో చూసి, కొత్త చిగురు ఎక్కడినుంచి వస్తుందో తేలాకే కత్తెర పట్టాలి.

చలి కబురు విన్న సాయంత్రం దుప్పటి వెతకడం మంచిదే, కానీ అసలు పని అంతకు ముందెప్పుడో జరిగి ఉండాలి. అమెరికాలో సెప్టెంబరు దగ్గరపడ్డాక నత్రజని ఎరువు వేసి, కొమ్మలు కత్తిరించి చెట్టును మళ్లీ చిగిర్చమని ఉసిగొల్పేవాడు, ఎదుగుదల ఆపి చలికి సిద్ధం కావాల్సిన చెట్టును తన చేతులతో అడ్డుకుంటున్నాడు. “ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుంది” అని నర్సరీవాణ్ని అడగడం మాని, ఏ నెలలో, ఎన్నాళ్ల వెచ్చదనం తర్వాత, ఎంతసేపు, నేలలోనా కుండీలోనా అని అడగండి. వీటికి జవాబు చెప్పకుండా ఒక్క అంకె చేతిలో పెట్టేవాడి సలహా కొనవద్దు.