చిన్న పీపాతో పెద్ద చాకిరీ

పీపా అనగానే మనకు తారో, కిరసనాయిలో గుర్తొస్తుంది. మాట మాత్రం పోర్చుగీసువాళ్లది. వాళ్ల పీపా అసలు సిసలు వైన్ పీపా. డోరో లోయలో పోర్ట్ వైన్‌ని ఆ లెక్కనే కొలిచేవారు, ఒక్కోటి దాదాపు 550 లీటర్లు. మన ఊళ్లకు వచ్చేసరికి పేరు మిగిలింది, వైన్ ఆవిరైపోయింది.

అమెరికాలో ఇంటి అవసరానికి వైన్ చేసుకోవడం మామూలు సరదా. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. 1920లలో మద్యనిషేధం నడుస్తున్నప్పుడు కూడా కాలిఫోర్నియా ద్రాక్ష రైళ్లకెక్కి చికాగో, న్యూయార్క్ చేరేది. ఇటాలియన్ కుటుంబాలు దాన్ని కొని ఇంట్లోనే వైన్ పులియబెట్టుకునేవి.

ఇప్పటి ఔత్సాహికులు నాలుగు సీసాల వైన్ బాగా కుదిరిందంటే చాలు, ముద్దుగా ఉందని 20 లీటర్ల కొత్త ఓక్ పీపా కొనేస్తారు. తప్పు అక్కడే జరుగుతోంది. పీపా ఎంత చిన్నదైతే లీటరు వైన్‌కి తగిలే చెక్క అంత ఎక్కువ. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వాడే 225 లీటర్ల పీపాతో పోలిస్తే ఈ బుల్లి పీపాలో అది రెండింతలు దాటుతుంది. పెద్ద పీపాలో ఏడాది ఉండాల్సిన వైన్ ఇందులో కొన్ని వారాలకే చెక్క వాసన కొడుతుంది. పోనీ త్వరగా తీసేద్దామంటే, పీపాలో నిలవుంచితే నెమ్మదిగా వచ్చే నునుపు రాదు.

చెక్క రకాన్ని బట్టి రుచీ మారుతుంది. అమెరికన్ తెల్ల ఓక్ కొబ్బరి, వెనిలా వాసనలు ధారాళంగా ఇస్తుంది. ఫ్రెంచి ఓక్ తీరు మరింత నెమ్మది, ధర మాత్రం బాగా ఎక్కువ. కారణం ఉంది: దాన్ని రంపంతో అడ్డదిడ్డంగా కోస్తే కారుతుంది, నార వెంబడే చీల్చాలి, దుంగలో చాలా భాగం వృథా అవుతుంది. చీల్చిన పలకలను రెండు మూడేళ్లు ఎండకూ వానకూ వదిలేసి, ఆ తర్వాతే పీపా కట్టి లోపల సెగ పెడతారు. ఇంత శ్రమా మూడు నాలుగుసార్లు వైన్ నింపేసరికి తీరిపోతుంది. ఆపైన చెక్క ఇచ్చే రుచి అంతంత మాత్రమే.

కొత్త పీపాలో మొదట పోయాల్సింది వైన్ కాదు, మరిగే నీళ్లు. కొద్దిగా పోసి, బిరడా బిగించి, నాలుగు వైపులా దొర్లిస్తే ఎక్కడైనా సందుంటే బుసబుసమంటూ బయటపడుతుంది. చెక్క ఉబ్బితే సందులు మూసుకుంటాయి. నీళ్లు చల్లారాక బిరడా లాగితే లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు రావాలి. వచ్చిందా, పీపా గట్టిదే.

అసలు చాకిరీ ఆ తర్వాత మొదలవుతుంది. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలకపోతే ఏమవుతుందో తెలుగింట ఎవరికీ చెప్పనక్కర్లేదు. పీపాలో ఆ కాపలా కాసే నూనె ఉండదు. చెక్క గుండా వైన్ ఆవిరవుతూనే ఉంటుంది, ఆ ఖాళీలో గాలి చేరుతుంది, గాలి ఉన్నచోట వెనిగర్ బ్యాక్టీరియా కాచుక్కూర్చుంటుంది. అందుకే కొన్ని వారాలకోసారి అంచుదాకా నింపాలి, దానికి వేరే గాజు జాడీలో అదనపు వైన్ ఉండాలి. ఖాళీ పీపాని ఎండనిస్తే పలకలు కుంచించుకుపోయి ఇనుప పట్టీలు జారతాయి. లోపల గంధకం వత్తి కాల్చి బిరడా బిగించి ఉంచాలి. విస్కీ పోసిన పీపాలో మాత్రం ఆ పని చేయకూడదు, సారా ఆవిరికి నిప్పంటుకుంటుంది.

కాబట్టి మొదటి రెండు మూడేళ్లు గాజు జాడీ, అందులో లీటరుకు రెండు మూడు గ్రాముల ఓక్ ముక్కలు చాలు. పీపా చూపులకు అందమే కానీ, ముక్కలతో వచ్చే రుచిని చిన్నచూపు చూడటం ఒట్టి డాబు. 2006 నుంచి యూరోపియన్ యూనియన్ కూడా వాటిని ఒప్పుకుంది. పీపా మీద మోజు తీరకపోతే, వైనరీ వాడి వదిలేసిన పెద్ద పీపా మేలు. బేరమాడే ముందు బిరడా తీసి ముక్కు పెట్టాలి. వెనిగర్ వాసనో, గోళ్లరంగు వాసనో వస్తే ఎంత చవకైనా కొనకూడదు. చెక్క రంధ్రాల్లోకి దిగిన క్రిమి కడిగితే పోదు. అలాంటి పీపాలను నడిమికి కోసి అమెరికాలో తోటల దుకాణాలు పూలకుండీలుగా అమ్ముతాయి. మట్టి పోసుకోవడానికి కారినా ఇబ్బంది లేదు.