ఫోటోకి ఎన్ని సెకన్లు?

మన ఇళ్ళల్లో ఒక అప్రకటిత నియమం ఉంది. షష్టిపూర్తి అయినా, పాతికేళ్ళ పెళ్ళిరోజైనా, ఆఖరికి సంవత్సరీకమైనా సరే, పాత ఫోటోలన్నీ గుదిగుచ్చి పాట పెట్టి వీడియో చేసే పని ఆ కుటుంబంలో సాఫ్ట్‌వేర్ వాడి నెత్తినే పడుతుంది. "నువ్వు కంప్యూటరే కదరా, నీకెంతసేపు!" అంటారు. మనం రోజూ చేసేది ఎవరిదో బ్యాంకు లాగ్ ఫైళ్ళు చదవడం అని చెప్పినా వాళ్ళకి ఎక్కదు. సరే అంటాం. ఫంక్షన్ రెండ్రోజులుందనగా పెన్‌డ్రైవ్‌లో కొన్ని, వాట్సాప్‌లో కొన్ని, పాత ఆల్బమ్ పేజీల్ని ఫోన్‌తో వంకరగా తీసినవి ఇంకొన్ని, మొత్తం ఓ నూట ఎనభై ఫోటోలొచ్చి పడతాయి. పాట మాత్రం ఒకటే. ఐదు నిమిషాలది.

ఇక్కడ మన ఇంజనీరు బుర్ర చేసే మొట్టమొదటి పని భాగహారం. ఎలాగోలా ఏరి వంద ఫోటోలకి తెచ్చామనుకోండి. 300 సెకన్లు, 100 ఫోటోలు, తలా 3 సెకన్లు. అన్నీ సెలెక్ట్ చేసి డ్యూరేషన్ మార్చేస్తే అయిపోయింది. కావాలంటే సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది, చాలావాటిలో పాట పొడుక్కి ఫోటోల్ని సరిపెట్టే మీట ఉంటుంది.

నా గొడవంతా ఆ భాగహారంతోనే. ఫోటో ఎంతసేపు ఉండాలో తేల్చాల్సింది చూసే మనిషి. పాటకి ఆ హక్కు ఎవరిచ్చారు?

ముందు లెక్క సంగతే చూద్దాం, ఎందుకంటే ఆ 3 సెకన్లు కూడా నిజంగా 3 సెకన్లు కావు. ఒక ఫోటో కరుగుతూ ఇంకోటి తేలేలా ఒక సెకను డిజాల్వ్ పెడతాం కదా, ఆ సెకనులో రెండు ఫోటోలూ తెరమీద ఒకదానిమీదొకటి ఉంటాయి. ఫోటోల సంఖ్య గుణించు ఒక్కోదాని నిడివి, అందులోంచి (ఫోటోల సంఖ్య మైనస్ ఒకటి) గుణించు డిజాల్వ్ నిడివి తీసేస్తే మొత్తం వీడియో. వంద ఫోటోలు 300 సెకన్లలో పట్టాలంటే ఒక్కోటి దాదాపు 4 సెకన్లు వేయొచ్చు. భలే, ఒక సెకను కలిసొచ్చింది అనిపిస్తుంది. కానీ ముందొక సెకను, వెనకొక సెకను పక్క ఫోటోతో కలగాపులగం. స్పష్టంగా కనబడేది 2 సెకన్లే.

ఎక్స్‌పీ రోజుల విండోస్ మూవీ మేకర్ గుర్తుందా? మనలో చాలామంది మొదటి వీడియో దాంట్లోనే చేసుంటారు. అందులో ఫోటోకి డిఫాల్ట్ 5 సెకన్లు, ట్రాన్సిషన్‌కి 1.25. అంటే రెండు పక్కలా ట్రాన్సిషన్ పెట్టిన ఫోటోకి మిగిలింది సరిగ్గా సగం, రెండున్నర. తర్వాతొచ్చిన విండోస్ లైవ్ మూవీ మేకర్‌లో 7 చేశారు (2017 జనవరిలో దానికీ తిలోదకాలిచ్చారు). ఐమూవీలో 4. ప్రీమియర్‌లో చాలా ఏళ్ళు సెకన్లు కాకుండా 150 ఫ్రేములు అని ఉండేది. అమెరికావాడి లెక్కలో అది 5 సెకన్లు, మన పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి 6. డిఫాల్ట్ అంటే ఏదో శాస్త్రం అనుకుంటాం గానీ, ఒక సెకను ఎక్కువో తక్కువో అనేది ఏ ఊళ్ళో కరెంటు ఎన్ని సైకిళ్ళు అనే దాకా పోయి తేలిందన్నమాట.

డిఫాల్ట్ పెట్టినవాళ్ళని తప్పు పట్టను. ఏదో ఒక అంకె పెట్టాలి కదా. ఆ ఫోటోలో ఉన్నది అరకు లోయలో సూర్యోదయమో, 1974లో ఎవరి పెళ్ళిలోనో మూడు వరసల్లో నిలబడ్డ ముప్ఫైరెండుమందో దానికి తెలీదు. మనకి తెలుసు. తెలిసీ రెంటికీ ఒకటే అంకె వేస్తే ఎలా?

ఆమధ్య మా బంధువుల షష్టిపూర్తిలో ఇలాంటి వీడియో వేశారు. చక్కగా చేశారు, రంగులు సరిచేశారు, పాట తాళానికి ఫోటో మారేలా కోశారు. కుర్రాళ్ళు ఈలలు కూడా వేశారు. నా పక్కన ఎనభై దాటిన ఒక పెద్దావిడ కూచున్నారు. ఒక నలుపు తెలుపు ఫోటో రాగానే ఆవిడ ముందుకి వంగి, కళ్ళజోడు సర్దుకుని, వేలు పైకెత్తి "ఇదిగో, ఇది మా..." అన్నారు. ఫోటో పోయింది. ఇంకోటొచ్చింది, దానికీ అంతే. మూడోసారి నావైపు తిరిగి "కాస్త ఆగమను బాబూ" అన్నారు. ఎవర్ని ఆగమనను? తర్వాత ఆవిడ వేలెత్తడం మానేశారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మిగతాదంతా టీవీలో పక్కింటివాళ్ళ పెళ్ళి చూసినట్టు చూశారు.

ఆ వయసు మనిషికి ఫోటో చూడ్డం అంటే ఏం జరుగుతుందో ఆలోచించండి. మొదట తెరమీద మొహం ఎక్కడుందో దొరకాలి. తర్వాత అది ఎవరో తట్టాలి. పేరు రావాలి. అప్పుడు పక్కవాళ్ళకి చెప్పాలి. చెప్పడమే అసలు సంగతి, ఫోటో దానికొక వంక. ఇవన్నీ రెండు సెకన్లలో అవుతాయా? పాతికేళ్ళ కుర్రాడికి మాత్రం అవుతుంది, ఎందుకంటే వాడికి అందులో ఎవరూ తెలీదు, తట్టాల్సిన పని లేదు.

ఇందులో పోయేది ఒక సరదా మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మన ఇళ్ళల్లో ఉన్న పాత ఫోటోల వెనక పేర్లు రాసి ఉండడం ఎంత అరుదో మీకూ తెలుసు. మహా అయితే స్టూడియో ముద్ర ఉంటుంది. ఆ రెండో వరసలో ఎడమనుంచి నాలుగో ఆవిడ ఎవరో చెప్పగలిగేవాళ్ళు ఇంటికి ఇద్దరో ముగ్గురో మిగిలుంటారు. వాళ్ళందరూ ఒకచోట చేరేది మళ్ళీ ఇలాంటి ఫంక్షన్‌లోనే. సరిగ్గా ఆ రోజున, సరిగ్గా వాళ్ళ ఎదురుగా, ఫోటోకి 2 సెకన్ల చొప్పున తిప్పేస్తున్నాం.

పూర్వం స్లయిడ్ ప్రొజెక్టర్లుండేవి. కొడాక్ వాళ్ళ కేరోసెల్ అయితే గుండ్రటి ట్రేలో 80 స్లయిడ్లు పట్టేది, 2004లో తయారీ ఆపేశారు. దాంట్లో ఫోటో మార్చే మీట ఒక మనిషి చేతిలో ఉండేది. ఎవరైనా "అబ్బా, ఇది ఎక్కడ తీశారు?" అంటే ఆ చెయ్యి ఆగేది. మనం సాఫ్ట్‌వేర్ పెట్టి తీసేసింది ఆ ఆగే చేతినే.

మరి ఫోటోకి 12 సెకన్లు పెడితే వంద ఫోటోలకి ఇరవై నిమిషాలు, భోజనాల టైములో ఎవడు కూచుంటాడు అంటారా? నిజమే, కూచోరు. అందుకే వంద వద్దు. ముప్ఫై చాలు. ఒకే యాత్రలో ఒకే గుడి ముందు తీసిన ఆరు ఫోటోల్లో ఒకటి ఉంచితే మిగతా ఐదుగురికీ ఏ అన్యాయమూ జరగదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, అన్నిటికీ ఇంత చాదస్తం అక్కర్లేదు. ప్రీ-వెడ్డింగ్ షూట్‌లో అవే రెండు మొహాలు, మారేది బట్టలూ బీచీ మాత్రమే. దానికి 2 సెకన్లే ఎక్కువ. రిసెప్షన్‌లో వెనక ఎల్‌ఈడీ తెరమీద తిరుగుతూ ఉండేదానికీ అంతే.

ఇంతకీ ఏ ఫోటోకి ఎంత పెట్టాలో మనకెలా తెలుస్తుంది? దీనికి వీడియో ఎడిటర్ అక్కర్లేదు. మనం రోజూ తిట్టుకునే పవర్‌పాయింట్ చాలు. విండోస్ పవర్‌పాయింట్‌లో ఇన్సర్ట్ ట్యాబ్ కింద ఫోటో ఆల్బమ్ అని ఉంటుంది, ఫోటోలన్నీ ఇస్తే ఒక్కోదాన్ని ఒక్కో స్లయిడ్‌గా పేర్చేస్తుంది. తర్వాత స్లయిడ్ షో ట్యాబ్‌లో రిహార్స్ టైమింగ్స్. క్లయింట్ ముందు ప్రెజెంటేషన్ ఎన్ని నిమిషాలొస్తుందో చూసుకోడానికి పెట్టిన సదుపాయం అది. ఏ స్లయిడ్ దగ్గర ఎంతసేపు ఆగామో రాసుకుంటుంది. ఇప్పుడు లాప్‌టాప్ ముందు మీ అమ్మమ్మనో నాయనమ్మనో పెదనాన్ననో కూచోబెట్టి, కుడి బాణం మీట చూపించి, "నీకు చాలనిపించినప్పుడు ఇది నొక్కు" అనండి. పక్కన ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పెట్టండి. తొందరపెట్టకండి.

మా ఇంట్లో ఇలా చేసినప్పుడు వచ్చిన అంకెలు చూసి నేనే ఆశ్చర్యపోయాను. అందరం బావుందనుకున్న స్టూడియో ఫోటోని మా అమ్మ మూడు సెకన్లలో దాటేసింది. సగం మసకగా, ఇంటి అరుగు మీద ఎవరో నిలబడ్డ ఫోటో దగ్గర నాలుగు నిమిషాలు ఆగింది. ఆ నాలుగు నిమిషాల్లో ఆ అరుగు మీద ఎవరెవరు కూచునేవాళ్ళో, వెనక కనబడే తలుపు ఎప్పుడు మార్చారో, పక్కన సగం తెగిపోయి కనబడే చెయ్యి ఎవరిదో అన్నీ చెప్పింది. ఆ చెయ్యి సంగతి నాకు నలభయ్యేళ్ళుగా తెలీదు.

నాలుగు నిమిషాలూ హాల్లో వేయమనడం లేదు. అక్కడ 20 సెకన్లు చాలు. కానీ ఏ ఫోటోకి ఎక్కువ, దేనికి తక్కువ అనే పట్టిక మాత్రం అక్కణ్ణుంచే రావాలి. స్లయిడ్ సార్టర్‌లో చూస్తే ప్రతి స్లయిడ్ కిందా సెకన్లు కనిపిస్తాయి, వాటిని దామాషాగా తగ్గించుకోండి. ఎక్స్‌పోర్ట్‌లోంచి నేరుగా వీడియో కూడా చేసుకోవచ్చు, రికార్డయిన టైమింగ్స్ వాడమని చెప్తే సరి. గొంతు కూడా అందులోనే రికార్డు చేస్తే ట్రాన్సిషన్లు తీసెయ్యండి, ఫోటో మారేటప్పుడు అన్న మాట రికార్డవదు.

ఎడిటర్‌లోనే చేస్తాం అనేవాళ్ళకి రెండు ముక్కలు. ప్రిఫరెన్సెస్‌లో డిఫాల్ట్ మార్చినా టైమ్‌లైన్ మీద అప్పటికే ఉన్న ఫోటోలు మారవు, చాలామంది ఇక్కడే జుట్టు పీక్కుంటారు. ప్రీమియర్‌లో అయితే అన్నీ సెలెక్ట్ చేసి స్పీడ్/డ్యూరేషన్‌లో మార్చి, కింద రిపుల్ ఎడిట్ టిక్కు పెట్టండి, లేకపోతే నిడివి తగ్గించినచోటల్లా నల్లటి ఖాళీలు వస్తాయి. రెండోది, పాటని ఫోటోలకి తగ్గట్టు కోయండి. చరణం అయ్యాక వచ్చే వాద్యసంగీతం దగ్గర మెల్లగా తగ్గిస్తే ఎవరూ అడగరు. సగం పాటే వేశారేమిటని నన్నింతవరకూ ఎవరూ నిలదీయలేదు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో స్క్రిప్టు రాసేసే వీరులు ఎలాగూ ఉంటారు. ఫైళ్ళ జాబితాలో ప్రతి ఫోటో కింద డ్యూరేషన్ రాసుకోవచ్చు, ఎడిటర్ కన్నా అదే సుఖం. చివరి ఫోటో పేరు మాత్రం రెండుసార్లు రాయండి, లేకపోతే దానికిచ్చిన నిడివిని పట్టించుకోదు. చివరి ఫోటోకి ఎలాగూ ఎక్కువ సమయం ఇవ్వాలి. పాట ఆగాక, ఎవరో ఒకరు లేచి లైట్లు వేసేదాకా అది తెరమీద ఉండాలి, అర నిమిషమైనా సరే.