భుజం తట్టే చేతులు

కవిత్వం రాయడం నేర్చుకుంటున్నవాళ్ళు ఒకరినొకరు ప్రోత్సహించుకోవడం మంచిదేనా? ఈ ప్రశ్న వేస్తేనే కోపగించుకునే మిత్రులు మనలో చాలామంది వున్నారు. “ఇందులో మంచిచెడ్డలేమిటండీ? పాపం, కుర్రవాళ్ళు. ఒకడు చదువుతాడు, ఇంకొకడు మెచ్చుకుంటాడు. ఎవరి సొమ్మేం పోయింది?” అంటారు. ఎవరి సొమ్ము పోయిందో, ఎవరి పెట్టెలో చేరిందో లెక్క తేల్చుకోవడమే ఇక్కడ నా వుద్దేశం.

లెక్క చూడడానికి జూబిలీహిల్స్ కంటె మంచి చోటు లేదు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించిన తర్వాత తెలుగు సినిమా మద్రాసునుంచి మెల్లమెల్లగా ఈ బండలమీదికి తరలివచ్చింది. పైన ఫిలింనగర్: స్టూడియోలు, రికార్డింగు థియేటర్లు, ఫిలిం ఛాంబరు, మేడలు. కింద యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్: సందులు, టీకొట్లు, అద్దెగదులు. తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్ బండ్లకోసం నిలబడేది ఇక్కడే. ఆ గదుల్లోనే నల్గొండనుంచీ శ్రీకాకుళంనుంచీ అనంతపురంనుంచీ వచ్చిన కవులు కూడా వుంటారు. సినిమాకు పాట రాయాలని వచ్చినవాళ్ళు. ఒక్కో గదికి నలుగురు. అద్దె నాలుగు వాటాలు, బియ్యం నాలుగు వాటాలు. మెచ్చుకోలుకు మాత్రం వాటాలు లేవు. ఎవరికి కావలసినంత వారికి.

ఆదివారం సాయంత్రం ఈ గదుల్లో కవిసమ్మేళనం జరుగుతుంది. ఒకడు పల్లవి వినిపిస్తాడు. “వేటూరి గుర్తుకొచ్చాడు” అంటాడు రెండోవాడు. “సిరివెన్నెల లేనిలోటు తీరింది” అంటాడు మూడోవాడు. తర్వాత మూడోవాడి వంతు వస్తుంది, అప్పుడు మొదటివాడు బాకీ తీర్చుకుంటాడు. పల్లవిలో మాట ట్యూనుకు ఎక్కడ తట్టుకుందో, ఆ వుపమానం ఇప్పటికి ఎన్ని పాటల్లో అరిగిపోయిందో ఎవడూ చెప్పడు. చెప్పినవాడికి వచ్చే ఆదివారం పిలుపు వుండదు. ఒంటెల పెళ్ళిలో గాడిదలు పాటకచేరీ చేసిన కథ మన పూర్వులు ఏనాడో చెప్పారు. ఒంటెలకూ గాడిదలకూ ఇంటద్దె లేదు కాబట్టి ఆ కథలో ఎవరికీ నష్టం రాలేదు.

గదిలో మొదలైన ఈ మర్యాద సభాభవనాలకు ఎక్కేసరికి చిన్నపాటి వ్యాపారం అవుతుంది. వుగాదికి ఒక సంకలనం వస్తుంది. పేజీకి ఇంత అని కవులే చెల్లించుకుంటారు. ఒక బిరుదు, ఒక జ్ఞాపిక, ఒక యోగ్యతాపత్రం. యోగ్యతాపత్రం అన్నమాటకు పట్టిన గతి చూడండి. 1940లో శ్రీశ్రీ “మహాప్రస్థానం” కోసం చలం రాసిన పీఠికకు ఆ పేరు. ఆ కవిత్వంలో నిలువునా మునిగిన మనిషి రాసిన రాత అది. అంతటి పత్రం చేతిలో వుండి కూడా ఆ పుస్తకం అచ్చులో వెలువడడానికి 1950 దాకా ఆగవలసి వచ్చింది. నేటి యోగ్యతాపత్రం పేరు రాయవలసిన చోట చుక్కలు వదిలి కట్టలుకట్టలుగా అచ్చువేసిన అట్టముక్క. చుక్కలమీద ఎవరి పేరు రాస్తే వారు యోగ్యులు.

ఇక సొమ్ము సంగతి. మా కాలేజీలో నా దగ్గర తెలుగు చదువుకున్న కుర్రవాడొకడు ఈ గదుల్లో ఐదేళ్ళుగా వుంటున్నాడు. చెయ్యి తిరిగినవాడే. ఒక పాటలరచయిత దగ్గర సహాయకుడుగా కుదిరాడు. ఈ పని ఎలా సాగుతుందో తెలియనివారికి ఒకమాట చెప్పాలి. సంగీతదర్శకుడు ముందుగా ట్యూను కడతాడు. ట్యూనుమీద అర్థంలేని డమ్మీ మాటలు వుంటాయి. ఆ కొలతకు సరిపడా నాలుగైదు పల్లవులు, అంతకు రెట్టింపు చరణాలు తెల్లవారేసరికి సిద్ధం కావాలి. రాత్రంతా కూచుని రాసేది సహాయకులు, వుదయం ఏరుకునేది పెద్దాయన. నిరుడు మావాడు రాసిన రెండో చరణం అక్షరం మారకుండా ఒక సినిమాలో వచ్చింది. తెరమీద పేరు అతనిది కాదు. చేతికి ముట్టింది ఆటోఖర్చులు. నన్ను బాధపెట్టింది ఇది కాదు. ఈ వ్యాపారంలో ఇది పాతసంగతే. ఆ ఆదివారం మిత్రులంతా తలో యాభై వేసుకుని అతనికి శాలువా కప్పారు. “నీ చరణం వూరంతా పాడుకుంటోందిరా, ఇంతకంటె ఏం కావాలి?” అన్నారు. అతనూ నిజంగానే సంతోషించాడు. “మావాళ్ళు నన్ను గుర్తించారు సార్” అని నాతో చెప్పాడు.

ఆ ఒక్కమాటలో వ్యవహారమంతా వుంది. దొంగతనం జరిగింది, సొమ్ము పోగొట్టుకున్నవాడికి సన్మానం జరిగింది. శాలువా కొన్నది మేడమీది నిర్మాత కాదు, రేపటి భోజనానికి లెక్క చూసుకునే తోటికవులు. పైనున్నవాడు ఇవ్వవలసిన కూలిబాకీని కిందనున్నవాళ్ళు చప్పట్లతో చెల్లువేశారు. ఇంత చవకగా ఏ యజమానికి పని జరుగుతుంది? కవిత్వాన్ని ప్రేమించే ఈ మంచి పిల్లలు తమకు తెలియకుండానే నిర్మాతకు బట్వాడా గుమాస్తాలుగా పనిచేస్తున్నారు, జీతం లేకుండా.

“పేరుకోసం ఇంత తాపత్రయమా? కీర్తికాంక్ష అభ్యుదయ లక్షణమా?” అని ఈసడించే పెద్దలు వుంటారు. వారికి సినిమాపాటలో పేరంటే ఏమిటో తెలియదు. ఇక్కడ పేరంటే కూలి. 1977లో సుప్రీంకోర్టు, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి పాట రాయించుకున్న నిర్మాతే దానికి హక్కుదారు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు నీడలో 35 ఏళ్ళు గడిచాయి. 2012లో పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని సవరించింది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ పాటలు రాసేవాళ్ళ తరఫున నిలబడి మాట్లాడాడు. ఇప్పుడు, సినిమాహాల్లో సినిమాతోపాటు వినిపించినప్పుడు తప్ప, పాటను ఇంకే విధంగా వాడుకున్నా వచ్చే రాయల్టీలో రచయితకు సమానవాటా వుంది. ఆ వాటా వద్దని నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. దానికి ముందే, 1957 నాటి చట్టంలోని 57వ సెక్షను ప్రకారం, హక్కులన్నీ అమ్ముకున్నవాడికి సైతం “ఇది రాసింది నేను” అని చెప్పుకునే హక్కు వుంది. ఇంత గట్టి హక్కులు ఎవరికి? రచయితకు. రచయిత ఎవడు? పేరు పడ్డవాడు. పేరు పడనివాడికి రాయల్టీ లేదు, వాటా లేదు, రేపు ముసలితనంలో పిల్లలకు చూపించుకోవడానికి కాగితం ముక్క లేదు. మా కుర్రవాడికి ఎం.ఏ. పట్టా వుంది, ఈ రెండు సంగతులు తెలియవు. అతని మిత్రులకూ తెలియవు. శాలువాలు ఏ కొట్లో చవకో తెలుసు.

ఆ గదికి పక్కగదిలో వుండేది లైట్‌మన్. అతను ఏం చేశాడో కూడా చూద్దాం. 2025 ఆగస్టులో తెలుగు సినీకార్మికుల ఫెడరేషన్ 30 శాతం వేతనం పెంచమని సమ్మెకు దిగింది. షూటింగులు ఆగిపోయాయి. మేడల్లో మంతనాలు సాగాయి. రెండువారాలు దాటిన తర్వాత, విడతలవారీగానే అయినా, 22.5 శాతం పెంపునకు ఒప్పుకోక తప్పలేదు. కోరినదంతా దక్కలేదు, నిజమే. కాని ఒక లైట్‌మన్ ఇంకొక లైట్‌మన్ దగ్గరకు వెళ్ళి “ఆహా, లైటు ఎంత అద్భుతంగా పట్టుకున్నావు!” అని శాలువా కప్పి వూరుకుని వుంటే ఆ 22.5 కూడా వచ్చేది కాదు. సినీరచయితలకూ ఒక సంఘం వుంది. మావాడు ఆ తలుపు తట్టబోతే “గురువుగారికి కోపం వస్తుందిరా” అని ఆపింది గదిలో మిత్రులే. పొగిడిన నోళ్ళే ఆపాయి. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఒకరినొకరు నొప్పించకుండా వుండడమే ధర్మమనుకున్నవాళ్ళకు యజమానిని నొప్పించడం మరీ పాపంగా తోస్తుంది.

నా మాటలు విని ఛాందసపండితులెవరైనా సంతోషిస్తే వారితో నాకు పొత్తు లేదని వెంటనే చెప్పాలి. కొత్తగా కలం పట్టినవాడిని గణభంగమనీ, యతిభంగమనీ, భాషరాదనీ తరిమికొట్టిన చరిత్ర వారిది. ఇంట్లో ముందుతరం అక్షరం ఎరగని పిల్లవాడు, కూలికి పోయే తల్లికి పుట్టిన పిల్ల, తొలిసారి నాలుగు పంక్తులు రాసి వణుకుతూ తెచ్చినప్పుడు “రాయి తల్లీ” అనే మనిషి ఒకరు వుండాలి. ఆ మాట లేక ఎండిపోయిన గొంతులు మన భాషలో ఎన్నో. కృష్ణానగర్ గదుల్లో భుజం తట్టడం మొదలైంది కూడా ఆ అవసరంనుంచే. దాన్ని ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు.

కాని ఆ తొలిమాట అయిదేళ్ళ తర్వాత కూడా అదేమాటగా వుండిపోతే? ఉత్తపొగడ్త అందరికీ ఒకటే నష్టం చేయదు. జూబిలీహిల్స్ మేడలో పుట్టినవాడు దాన్ని నమ్మితే పోయేదేమీ లేదు. కవిత్వం కాకపోతే ఇంకొకటి. పొలం కుదువపెట్టి వచ్చినవాడు నమ్మితే ఐదేళ్ళ వయస్సు, ఐదేళ్ళ అద్దె, ఇంటిదగ్గర చెల్లెలి చదువు పోతాయి. కఠినంగా చదివే మిత్రుడు ఎవరికన్నా ముందు కావలసింది పేదవాడికి. “పాపం, మనవాడు” అని చదవకుండానే మెచ్చుకోవడంలో జాలి వుంది గాని గౌరవం లేదు. ఇతనికి ఇంతకంటె చేతకాదులే అన్న తీర్పు ఆ జాలిలో దాగివుంది. పండితుడు పైకి అన్నమాటనే మిత్రుడు మనసులో అనుకున్నాడన్నమాట.

ఒకరి రాతను ఇంకొకరు దిద్దే సంప్రదాయం హైదరాబాదుకు కొత్తది కాదు. ఈ వూళ్ళో ఉర్దూకవులకు “ఇస్లాహ్” అనే పద్ధతి వుంది. శిష్యుడు గజల్ తెస్తాడు, ఉస్తాదు దిద్దుతాడు. 1905లో ఇక్కడే కన్నుమూసిన దాగ్ దెహల్వీ ఆరో నిజాముకు ఉస్తాదు. రాజ్యమేలే నిజాము కూడా కవిత్వం దగ్గరకు వచ్చేసరికి దిద్దించుకున్నాడు. పంజాబులో విద్యార్థిగా వున్న ఇక్బాల్ తన గజళ్ళను దాగ్‌కు టపాలో పంపి దిద్దించుకునేవాడు. ఇందులో దర్బారీ వాసన వుంది, ఉస్తాదు కాళ్ళ దగ్గర కూచోవలసిన పెత్తనం వుంది. దాన్ని మళ్ళీ నెత్తిన పెట్టుకోమని నేననను. గురువు పేరిట శిష్యుల శ్రమ మింగడం ఎలా వుంటుందో పైన చెప్పుకున్నాం. కాని దిద్దడానికి గురుపీఠం ఎందుకు? నలుగురు సమానులు గదిలో కూచుని ఆ పని చేసుకోలేరా? ఫిలింనగర్‌లోనే చూడండి. 2023లో ఆస్కార్ అందుకున్న “నాటు నాటు” పాట చాలాభాగం సగంరోజులో వచ్చిందనీ, మిగిలిన కొద్దిభాగానికి 19 నెలలు పట్టిందనీ రాసిన చంద్రబోస్ స్వయంగా చెప్పారు. ఆ సినిమా ధోరణి మీద మనకు ఎన్ని విమర్శలైనా వుండవచ్చు. సగంరోజు రాతకే “అద్భుతం” అనేసే మిత్రబృందం చుట్టూ వుండి, ఆ మాట ఆయన నమ్మి వుంటే, ఆ 19 నెలల పని జరిగేదా?

మన అభ్యుదయ సభలు ఈ జాడ్యానికి దూరంగా వున్నాయనుకుంటే అదొక భ్రమ. కవితలో పిడికిలి, సూర్యుడు, నెత్తురు వుంటే చాలు, మనవాళ్ళు ఇక చదవరు, నేరుగా చప్పట్లే. 1943లో తాపీ ధర్మారావు అధ్యక్షతన తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలిసభ జరిగింది ఒకరికొకరు హారతులు పట్టుకోవడానికి కాదు. 1965లో దిగంబరకవులు తమ తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షాకార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వారి కవిత్వంతో మనకు పేచీ వుండనివ్వండి, పుస్తకం ఎవరి చేతుల్లో పెట్టాలో వారికి తెలుసు. ఈనాడు మన యువకవి మొదటి పుస్తకానికి ముఖ్యఅతిథి ఎవరయ్యా అంటే, ఫిలింనగర్‌నుంచి వచ్చే దర్శకుడు. ఆయన ఆలస్యంగా వస్తాడు, పుస్తకం తెరవకుండా పొగుడుతాడు, ఫొటో అయ్యాక వెళ్ళిపోతాడు. వెనకనుంచి చప్పట్లు కొట్టేవాళ్ళలో మన అధ్యాపకులూ వుంటారు.

మా కుర్రవాడికి నేనొక పని సూచించాను. ఆదివారం గదిలో పాట చదవగానే మెచ్చుకోవడం మానండి. కాగితం అడుగున రాసినవాడు తేదీ వేసి సంతకం పెట్టాలి. ట్యూను ఎవరిది, ఏ సినిమాకు, ఎవరు అడిగితే రాశాడో రాయాలి. విన్న ముగ్గురూ సాక్షి సంతకాలు చేయాలి. వెనకవైపు ఆ ముగ్గురూ ఏ మాట మార్చాలో, ఎందుకు మార్చాలో తలో రెండు వాక్యాలు రాయాలి. ఒక కట్ట నా దగ్గర వుంచమన్నాను. రేపు సంఘం దగ్గరకు గాని, వకీలు దగ్గరకు గాని వెళ్ళవలసి వస్తే శాలువా సాక్ష్యానికి పనికిరాదు, ఆ కాగితం పనికివస్తుంది. ఇద్దరు వెంటనే ఒప్పుకున్నారట. వెనకవైపు విమర్శ మీరు చెప్పినట్టు రాస్తే స్నేహం మిగులుతుందా అని మూడోవాడు మా కుర్రవాడినే తిరిగి అడిగాడట. అయినా మొన్న వచ్చిన మొదటి కాగితం మీద మూడు సంతకాలూ వున్నాయి. మూడోవాడు వెనకవైపు ఒకేఒక వాక్యం రాశాడు: చరణంలో రెండో పాదం బాగాలేదు, అది నేను నిరుడు రాసిందే.