తర్వాత వేరు, అందువల్ల వేరు

మన ల్యాబ్ రికార్డులు ఒకసారి తీసి చూడండి. 'దెన్' అనే మాట దాదాపు కనబడదు. అన్నీ 'సబ్సిక్వెంట్లీ', 'దేరాఫ్టర్', 'హెన్స్‌ఫోర్త్'లే. సీనియర్ల రికార్డు చూసి మనం దింపుతాం, మనది చూసి జూనియర్లు దింపుతారు. అర్థం ఎవరూ అడగరు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను కూడా పోయిన సెమిస్టర్ దాకా అడగలేదు.

మినీ ప్రాజెక్ట్ రిపోర్టులో నేనొక వాక్యం రాశాను. మా టీమ్‌లో ఒకడు రాత్రి కోడ్ పుష్ చేశాడు, 'కాన్సిక్వెంట్లీ' సర్వర్ క్రాష్ అయింది అని. నా ఉద్దేశం 'ఆ తర్వాత' అని మాత్రమే. పై పేరాలో 'సబ్సిక్వెంట్లీ' రెండుసార్లు వాడేశాను కదా అని, మార్పు కోసం ఇది పెట్టా. వైవాలో సార్ ఆ లైన్ చదివి నేరుగా వాడినే నిలదీశారు. అసలు కారణం డిస్క్ నిండిపోవడం. పాత లాగ్ ఫైళ్లు ఎవరూ తీసెయ్యలేదు, నేను కూడా. విషయం చెప్పాక సార్ వాడి మార్కులు సరిచేశారు. వాడు మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ రెండు మాటలకీ లాటిన్‌లో మూలం ఒకటే, 'వెంట రావడం' అని. కానీ ఇవాళ సబ్సిక్వెంట్లీ కాలాన్ని చెబుతుంది, కాన్సిక్వెంట్లీ కారణాన్ని చెబుతుంది. అలాగే హెన్స్‌ఫోర్త్ అంటే ఇకమీదట. దేరాఫ్టర్ అంటే ఆ పిమ్మట. ఒకదాని బదులు ఇంకోటి పెట్టడానికి లేదు.

సీఎస్ వాళ్లం, మనకి ఇది తెలిసుండాలి. లెస్లీ లాంపోర్ట్ 1978 నాటి పేపర్‌లో 'హ్యాపెన్డ్ బిఫోర్' అనే సంబంధాన్ని నిర్వచించాడు. ఒక ఈవెంట్ ఇంకోదానికి ముందు జరిగిందంటే, దాని ప్రభావం రెండోదాని మీద పడే వీలుందని మాత్రమే అర్థం. పడి తీరిందని కాదు.

అంత దూరం కూడా అక్కర్లేదు. 'వాన వచ్చాక మ్యాచ్ ఆగింది' అంటే వరస. 'వాన వచ్చి మ్యాచ్ ఆగిపోయింది' అంటే తప్పు వానది. ఈ తేడా మనకి ఎవరూ నేర్పలేదు, ఇంట్లో వింటూ వచ్చేసింది. అదే వాక్యం తెలుగులో రాయమంటే 'వాడు పుష్ చేసి సర్వర్ పడిపోయింది' అని చచ్చినా రాసేవాణ్ణి కాదు. 'పుష్ చేశాక' అనేవాణ్ణి.

ఫార్మల్‌గా రాయకపోతే మార్కులు పోతాయంటారు. సరే, రాద్దాం. కానీ పెద్ద మాట పెట్టేముందు దాన్ని తెలుగులో ఒకసారి అనుకుని చూద్దాం. 'తర్వాత'నా, 'అందువల్ల'నా, 'ఇకమీదట'నా తేలకపోతే ఆ మాట మనకింకా రాలేదన్నమాట. అప్పుడు 'దెన్' అని రాస్తే పోయేదేం లేదు. ఈ సెమిస్టర్ నా రికార్డు నిండా 'దెన్'లే. సార్ ఇప్పటిదాకా ఒక్కటీ కొట్టెయ్యలేదు.