ఒకే ఫారం.. నాలుగు దేశాలు

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఏంటని ఏ ఇంజినీరింగ్ కాలేజీలో అడిగినా ఇప్పుడు ఒకటి రెండు బ్యాచ్‌లైనా ‘ఏఐతో క్యాన్సర్ గుర్తింపు’ అంటున్నాయి. మంచిదే. నెట్‌లో దొరికే రొమ్ము క్యాన్సర్ డేటాసెట్ డౌన్‌లోడ్ చేసుకుని, యాక్యురసీ తొంభై దాటిందని స్లైడ్‌లో పెడతారు. ఆ డేటాను వరుస వరుసగా ఎవరు నింపారో వైవాలో ఎవరూ అడగరు.

మరి అసలు డేటాయే లేని జబ్బుల సంగతేంటి? ఐరోపా లెక్కలో ఏడాదికి లక్ష మందిలో ఆరుగురి కంటే తక్కువ మందికి వచ్చేవి అరుదైన క్యాన్సర్లు. విడివిడిగా అరుదే కానీ, అన్నీ కలిపితే అక్కడి క్యాన్సర్ కేసుల్లో ఐదో వంతు దాటతాయి. ఒక ఆసుపత్రికి ఏడాదికి ఇద్దరో ముగ్గురో వస్తుంటే, ఏ మందు పనిచేస్తుందో తేల్చేదెలా?

దీనికి నాకు బాగా నచ్చిన జవాబు స్కాండినేవియన్ సార్కోమా గ్రూప్. ఎముక, కండరం, కొవ్వు లాంటి కణజాలాల్లో వచ్చే సార్కోమా క్యాన్సర్ల కోసం నార్డిక్ దేశాల వైద్యులు 1979లో పెట్టుకున్న సంఘమిది. వీళ్లు చేసినవి చాలావరకు బోర్ కొట్టే పనులే. అన్ని ఆసుపత్రులకూ ఒకే తరహా ఫారం, ఉమ్మడి రిజిస్టర్, పెథాలజీ స్లైడ్‌లను ఇంకొకరు మళ్లీ చూడటం. అక్కడ ప్రతి ఒక్కరికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి పేషెంటు ఊరు మారినా ఫాలోఅప్ తెగదు. (డీబీఎంఎస్ క్లాసులో ప్రైమరీ కీ దగ్గర నిద్రపోయినవాళ్లు గమనించాలి!)

ఫలితం చూడండి. జిస్ట్ అనేది జీర్ణనాళంలో వచ్చే సార్కోమా. పది లక్షల మందిలో ఏడాదికి పది, పదిహేను మందికి వస్తుంది. ఆపరేషన్ తర్వాత, తిరగబెట్టే ముప్పు ఎక్కువున్నవారికి ఇమాటినిబ్ మాత్రలు ఏడాది ఇవ్వాలా, మూడేళ్లా? ఈ గ్రూపు జర్మనీ వైద్యులతో కలిసి ఫిన్లాండ్, స్వీడన్, నార్వే, జర్మనీల్లోని 24 ఆసుపత్రుల్లో ట్రయల్ పెట్టింది. 400 మందిని చేర్చుకోవడానికే 2004 నుంచి 2008 దాకా పట్టింది. 2012లో జవాబు వచ్చింది. ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టనివారు ఏడాది వాడినవాళ్లలో 47.9 శాతం, మూడేళ్లు వాడినవాళ్లలో 65.6 శాతం. బతికున్నవారు 81.7 శాతం, 92 శాతం. ఆ తర్వాత ఇలాంటి పేషెంట్లకు మూడేళ్ల కోర్సే ప్రామాణికమైంది.

ఇందులో నన్ను ఆపేసిన అంకె ఇంకొకటి. స్లైడ్‌లను మళ్లీ చూస్తే, విశ్లేషణలోకి తీసుకున్న 397 మందిలో 15 మందికి ఉన్నది అసలు జిస్టే కాదు! రెండోసారి చూసేవాళ్లు లేకపోతే ఆ తప్పు లేబుళ్లు అలాగే లెక్కలో ఉండిపోయేవి.

ఇది నెమ్మది పని, నిజమే. మొదలెట్టిన ఎనిమిదేళ్లకు జవాబంటే పేషెంటుకు చాలా ఆలస్యం. అయినా అడ్డదారి ఉందని నాకనిపించడం లేదు.

మన దగ్గర క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్ ఉద్యోగం అనగానే ‘బీటెక్ చేసి డేటా ఎంట్రీనా?’ అంటారు. హైదరాబాద్‌లో ఈ పని చేసే ఫార్మా, సీఆర్‌ఓ కంపెనీలు బోలెడున్నాయి. తేదీలు సరిపోతున్నాయా, ఒకే పేషెంటు రెండుసార్లు ఎక్కాడా, ఫాలోఅప్ ఎక్కడ ఆగింది.. ఇవన్నీ పట్టుకోవడమే అక్కడ పని. పైన చెప్పిన శాతాలను నమ్మగలిగేది ఇలాంటి పని సరిగ్గా జరిగితేనే. కాబట్టి ఆ చిన్నచూపు నాకు అర్థం కాదు.

అలాగని ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డు చూసి వేలకు వేలు కట్టేయకండి. ఎస్‌క్యూఎల్ మీకు ఎలాగూ వస్తుంది. ఆర్ ఉచితం. ట్రయల్ డేటాకు ప్రమాణాలు రాసే సీడిస్క్ సంస్థ పైలట్ స్టడీ డేటా కూడా ఉచితంగానే దొరుకుతుంది. దాంతో ఒక క్యాప్లాన్-మైయర్ గ్రాఫ్ గీయండి. మధ్యలో ట్రయల్ వదిలేసినవాళ్లను లెక్కలో ఎలా చూపించారో రెండు నిమిషాల్లో చెప్పడం ప్రాక్టీస్ చేయండి. ఇంటర్వ్యూలో అడిగేది ఎక్కువగా అదే.