కరోనా పోయింది... కుర్చీ భయం మిగిలింది

పుచ్చు పన్నుతో నెలల తరబడి నెట్టుకొచ్చేవాళ్లు మన బళ్లారిలో ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. 2020కి ముందు ఎందుకు చూపించుకోలేదని అడిగితే ‘తీరిక లేదు’ అనేవారు, లేదంటే ‘డబ్బుల్లేవు’ అనేవారు. ‘భయం’ అన్న మాట మాత్రం నోట్లోంచి వచ్చేది కాదు. మీసం మెలేసే మగాడు, ముగ్గురు పిల్లల్ని కన్న తల్లి సూదికి జడుస్తున్నామని నలుగురిలో ఎట్ల చెప్పుకుంటారు? అంతలో కరోనా వచ్చింది. ‘ఆస్పత్రికి పోతే అంటుకుంటుంది’ అంటే కాదనేవారు లేకపోయారు. పంటి డాక్టరంటే జంకేవాళ్లకు అంతకంటే మర్యాదైన సాకు ఇంకేం కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రకటించింది. ఆ సాకు చాటున మొదలైన వాయిదా మాత్రం చాలా ఇళ్లలో ఇప్పటికీ ముగియలేదు.

అప్పట్లో జనం భయపడటంలో తప్పేమీ లేదు. పన్ను తొలిచే యంత్రం నీటిని తుంపరగా చిమ్ముతుంది. రోగి నోరు తెరిచి పడుకుంటాడు, డాక్టరు ముఖం జానెడు దూరంలో ఉంటుంది. ఏ ఉద్యోగానికి ఎంత ముప్పో చూపిస్తూ న్యూయార్క్ టైమ్స్ 2020 మార్చిలో వేసిన పటంలో దంతవైద్యులు పైవరసలో ఉన్నారు. మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా అదే ఏడాది మే 19న మార్గదర్శకాలిచ్చింది. కట్టడి ప్రాంతాల్లో క్లినిక్‌లు మూసేయాలని, రెడ్ జోన్‌లో అత్యవసర చికిత్సలే చేయాలని, మామూలు పనులు ఎక్కడైనా వాయిదా వేయాలని చెప్పింది. జిల్లా సంగతి సరేసరి. జూన్‌లో తోరణగల్లు ఉక్కు కర్మాగారం నుంచి కేసులు గుట్టలుగా బయటపడ్డాయి. ఆ నెలాఖరులో కొవిడ్ మృతదేహాలను గుంతలోకి విసిరేస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. అది చూసినవారెవరికైనా ఆస్పత్రి గేటు దాటాలంటే కాళ్లు వణుకుతాయి.

తర్వాత తేలిన లెక్కలు వేరు. అమెరికాలో 2020 జూన్‌లో రెండు వేలకు పైగా దంతవైద్యులను సర్వే చేస్తే కరోనా సోకినట్టు తేలింది, సోకి ఉండొచ్చని అనుకున్నది కలిపి ఒక్క శాతానికి లోపే. ఆ చిమ్మే తుంపరలో ఎక్కువ భాగం యంత్రం వదిలే నీరే తప్ప రోగి ఉమ్మి కాదని ఒహాయో పరిశోధకులు 2021లో చెప్పారు. మాస్కు, గ్లౌజులు, గాలి ఆడే గది ఉంటే ముప్పు అనుకున్నంత లేదన్నమాట. ఈ సంగతి వెలుగులోకి వచ్చాక క్లినిక్‌లు నిండిపోవాలి కదా? అందరూ రాలేదు. రానివాళ్లలో ఎందరిని ఆపింది కరోనా, ఎందరిని ఆపింది ఆ కుర్చీ? నా అనుమానమంతా అక్కడే.

రెండు భయాలూ ఒంట్లో ఒకే తీరుగా తెలుస్తాయి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, నోరు ఎండిపోతుంది. కానీ వేర్లు వేరు. అంటువ్యాధి భయం కంటికి కనపడని శత్రువుది, పక్కనున్న మనిషిది. వివరం తెలిస్తే అది కొంత తగ్గుతుంది. పంటి భయం అట్ల కాదు. వెల్లకిలా పడుకోబెడతారు, నోట్లో సామాను పెట్టాక మాట రాదు, లోపల ఏం చేస్తున్నారో కనపడదు. మన చేతుల్లో ఏమీ లేదన్న నిస్సహాయతే దాని మూలం. చాలామందికి ఇది చిన్నప్పుడే పడుతుంది. అల్లరి చేస్తే ‘సూది వేయిస్తా’ అని బెదిరిస్తాం. పై పన్ను పీకితే చూపు పోతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. పంటికీ చూపునిచ్చే నరానికీ సంబంధమే లేదని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా ఈ మాట చావదు.

ఈ భయాన్ని కొలవడానికి కొలతలు కూడా ఉన్నాయి. 1969లో నార్మన్ కోరా అనే పరిశోధకుడు నాలుగు ప్రశ్నలతో ఒకటి తయారుచేశారు. 1995లో దానికి మత్తు సూది ప్రశ్న కలిపి ఐదు చేశారు. రేపు డాక్టరు దగ్గరికి పోవాలంటే ఎట్ల ఉంటుంది, వరండాలో కూర్చుంటే ఎట్ల ఉంటుంది, పన్ను తొలుస్తారంటే, పళ్లు శుభ్రం చేస్తారంటే, సూది వేస్తారంటే? మార్కులు 5 నుంచి 25 వరకు. 19 లేదా అంతకంటే ఎక్కువ వస్తే భయం తీవ్రమని లెక్క. 2020లో కరోనా భయానికి కూడా ఏడు ప్రశ్నల కొలత వచ్చింది. ఈ రెండూ కలిపి చూసిన అధ్యయనాల్లో ఒక భయం ఎక్కువున్నవారికి రెండోదీ ఎక్కువగా ఉండటం కనిపించింది. ఒకటి రెండోదాన్ని పుట్టించిందని దీనర్థం కాదు. ఒకదానికొకటి తోడయ్యాయి, అంతే.

తోడైన తీరు కూడా చిత్రమే. భయపడే రోగికి డాక్టరు నవ్వు ముఖమే సగం మందు. పీపీఈ కిట్లో ఆ ముఖం కనపడకుండా పోయింది. చేయి పట్టుకుని కూర్చునే అక్కనో కొడుకునో బయటే ఆపేశారు. గది నిండా మందు వాసన. నియమాలన్నీ వైరస్ కోసం సరైనవే, కానీ పంటి భయాన్ని అవి రెట్టింపు చేశాయి. ఒక్క మేలు మాత్రం జరిగింది. ముందుగా ఫోన్ చేసి టైము తీసుకుని పోవడం అలవాటైంది. వరండాలో గంటలకొద్దీ ఎదుటివాళ్ల మూలుగులు వింటూ కూర్చునే బాధ తప్పింది. చాలాచోట్ల ఇప్పుడు ఆ పద్ధతి ఎత్తేశారు. ఎందుకు ఎత్తేశారో నాకు అర్థం కాదు.

వాయిదా వేసిన రోజు మనసుకు హాయిగా ఉంటుంది. ఆ హాయే మళ్లీ వాయిదా వేయిస్తుంది. ఈలోగా లవంగ నూనె, మెడికల్ షాపు మాత్ర. మాత్ర నొప్పిని ఆపుతుంది గానీ పుచ్చును ఆపదు. ఒకరోజు నొప్పి దానంతటదే పోతుంది. ‘తగ్గింది’ అని సంబరపడతాం. అసలు జరిగింది లోపలి నరం చచ్చిపోవడం, కింద చీము కూడబెట్టుకోవడం. చిన్న సిమెంటుతో పోయేది రూట్ కెనాల్ దాకా వస్తుంది, అక్కడినుంచి పీకడం దాకా పోతుంది. భయపడిన పనే చివరికి జరుగుతుంది. ‘చూశావా, నేను చెప్పలేదా’ అని భయం ఇంకా బలపడుతుంది.

పన్ను పోతే ఏముందిలే అనుకునేవాళ్లకు 2021 గుర్తుచేయాలి. రెండో దశలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కొందరిలో మొదటి సూచనలు నోట్లోనే కనపడ్డాయి. దవడ నొప్పి, ఉన్నట్టుండి కదిలే పళ్లు, అంగిట్లో నల్లమచ్చ. షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవారికి అది ఎక్కువగా సోకింది. ఆ సమయంలో ‘పంటినొప్పే కదా’ అని ఇంట్లో కూర్చోవడమంటే ప్రాణంతో ఆడుకోవడమే. ఫంగస్ ఉధృతి తగ్గినా గుట్కా, పొగాకు మన ప్రాంతాన్ని వదల్లేదు. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే చూపించుకోవాలి. దాన్ని కూడా భయంతో దాచేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

ఇక సరిహద్దులో ఉన్న మనకు ఇంకో చిక్కుంది. భయాన్ని ఏ భాషలో చెప్పుకోవాలి? సలుపుతోంది, జివ్వుమంటోంది, పీకుతోంది, పోట్లు పొడుస్తోంది. ఒక్కో మాటకు ఒక్కో అర్థం. చల్లనీళ్లు తగిలి జివ్వుమనడం వేరు, రాత్రంతా సలపడం వేరు. వైద్యం కూడా వేరు. బళ్లారిలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఆలూరు, గుంతకల్లు, ఆదోని వైపు నుంచి కూడా వైద్యానికి జనం బళ్లారికి వస్తారు. ఆ కుర్రడాక్టర్లలో తెలుగు తెలియనివాళ్లూ ఉంటారు, అది వాళ్ల తప్పు కాదు. ‘నోవు ఇదెయా’ అంటే తలూపుతాం. భయం సంగతి అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు. ఆ ఐదు ప్రశ్నలను కన్నడంలో ఒక పక్క, తెలుగులో ఒక పక్క అచ్చేసి ఓపీ చీటీతో ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

మనవైపు నుంచి అడగాల్సినవీ ఉన్నాయి. అంటువ్యాధి భయమైతే నేరుగా అడగండి. సామాను ఆటోక్లేవ్ చేశారా, సంచి నా ముందే విప్పుతారా, సూది కొత్తదేనా అని. మొహమాటం అక్కర్లేదు, మంచి డాక్టరు విసుక్కోడు. కుర్చీ భయమైతే కూర్చోకముందే చెప్పండి, ‘సార్, నాకు భయం. చెయ్యి ఎత్తితే ఆపండి’ అని. అట్ల ఆపే వీలుందని తెలిస్తే చాలు, చాలామందికి చెయ్యి ఎత్తే అవసరమే రాదు. మొదటిసారి ఉత్తగా చూపించుకుని వచ్చేయండి, రెండోసారి శుభ్రం చేయించుకోండి. పొద్దున్నే మొదటి టైము తీసుకుంటే రోజంతా గుబులుతో గడపాల్సిన పనుండదు. పిల్లల్ని మాత్రం నొప్పి రాకముందే ఒకసారి తీసుకుపోండి. దారిలో ‘ఏం నొప్పి కాదు’ అని పదిసార్లు అనకండి, వాళ్లకు అనుమానం వచ్చేది అప్పుడే.