తామర ఏ రాజ్యం?

పోయిన వానాకాలం తొడ మీద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ వచ్చింది. ఒకటే దురద. స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసి మరీ గోక్కునేవాణ్ణి. డాక్టర్‌కి చూపించడానికి సిగ్గేసి, పీజీ పక్కన మెడికల్ షాపులో అడిగితే ఏదో ట్యూబ్ ఇచ్చాడు. రెండ్రోజుల్లో మచ్చ మాయం! రాయడం ఆపిన వారానికి మాత్రం ఒకటి కాస్తా నాలుగయ్యాయి.

చివరికి స్కిన్ డాక్టర్ ఆ ట్యూబ్ చూసి తల పట్టుకున్నారు. "ఇందులో స్టెరాయిడ్ ఉంది బాబూ. ఎరుపూ దురదా తగ్గుతాయి, ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. నీది తామర."

"పోనీ, యాంటీబయాటిక్ రాయండి మేడమ్" అన్నా.

ఆవిడ నవ్వేశారు. "అది బాక్టీరియాకి. ఇది వేరే రాజ్యం."

ఎంపీసీ వాణ్ణి కదా, టెన్త్ తర్వాత బయాలజీ మొహం చూడలేదు. ఆ రాత్రి కూర్చుని చదివా.

1735లో లినేయస్ జీవులన్నిటినీ రెండే రాజ్యాలుగా పంచాడు: మొక్కలు, జంతువులు. పుట్టగొడుగులు మొక్కల్లో పడ్డాయి. 1969లో విట్టేకర్ ఐదు చేశాడు: మొనీరా, ప్రొటిస్టా, శిలీంధ్రాలు, మొక్కలు, జంతువులు. తిండి ఎలా దొరుకుతోందన్నది ఆయన చూసిన ముఖ్యమైన తేడా. మొక్క ఎండతో వండుకుంటుంది. జంతువు మింగి అరిగించుకుంటుంది. శిలీంధ్రం ఎంజైములు బయటికి వదిలి, ఆహారాన్ని అక్కడే కరిగించి పీల్చుకుంటుంది. నా తొడ మీద జరిగిందీ అదే. చర్మంలోని కెరాటిన్ దాని భోజనం!

కథ ఐదుతో ఆగలేదు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ ఆర్ఎన్ఏలు పోల్చి, మొనీరాలోనే రెండు వేరు వేరు వంశాలున్నాయని తేల్చారు. తర్వాత జన్యువులు చూస్తే ఇంకో షాక్: శిలీంధ్రాలు మొక్కలకన్నా మనకే దగ్గరి చుట్టాలు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. బాక్టీరియాకి గోడ ఉంది, మన కణానికి లేదు. పెన్సిలిన్ ఆ గోడనే కొడుతుంది. ఫంగస్ కణం చాలావరకు మనలాంటిదే కాబట్టి, దాన్ని కొట్టి మనల్ని వదిలేసే మందులు తక్కువ. చాలా మందులు దాని పొరలో ఉండే ఎర్గోస్టెరాల్‌ని గురిపెడతాయి. మనకి దాని బదులు కొలెస్టరాల్ ఉంటుంది. ఆ చిన్న తేడాయే నన్ను కాపాడింది. పూర్తిగా తగ్గడానికి నెలన్నర పట్టింది.

నిన్న రూమ్మేట్ నడుం గోక్కుంటూ, "మామా, నీ పాత ట్యూబ్ ఉందా?" అన్నాడు. టవల్ షేర్ చేసుకున్నాం, అంటించింది నేనే కావచ్చు. ట్యూబ్ ఇవ్వలేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ నేనే బుక్ చేశా.